రచ్చ గెలిచినవాడికి ఇంట చోటేదీ?

పాటను గౌరవించడం స్వీడన్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. కోటి చిల్లర జనాభా ఉన్న ఆ దేశంలో ఊరూరా మునిసిపాలిటీలే పిల్లలకు సంగీతం బళ్ళు నడిపాయి. నలుగురు కుర్రాళ్ళు బ్యాండ్ కట్టుకుంటామంటే సాధన చేసుకోవడానికి గది చూపించే సంఘాలు పుట్టాయి. 1974లో ఆబా బృందం 'వాటర్లూ' పాడి యూరోవిజన్ గెలిచిన నాటి నుంచి, అమెరికా తారలకు తెరవెనక బాణీలు కట్టే మాక్స్ మార్టిన్ దాకా ఆ నేల పాటతోనే పేరు తెచ్చుకుంది, పాటతోనే డబ్బూ చేసుకుంది. ఆబాకి స్టాక్‌హోమ్‌లో ఒక మ్యూజియమే ఉంది. ఆ ఊళ్ళో ఇచ్చే పోలార్ సంగీత బహుమతి 1998లో మన రవిశంకర్‌కి దక్కింది. 2019లో న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో హిప్‌హాప్‌కి పునాదులు వేసిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌కి దక్కింది. అంటే హిప్‌హాప్ కూడా సన్మానానికి తగిన సంగీతమేనని వాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు. సంతోషం.

మరి ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే పెరిగి, ర్యాప్ పాట గొంతునే మార్చేసిన బ్లేడ్ సంగతేమిటి?

బ్లేడ్ అసలు పేరు బెంజమిన్ రైఖ్‌వాల్డ్. 1994లో పుట్టాడు. బడి రోజుల్లో స్నేహితుడు జాక్ అరోగుండాదేతో కలిసి పంక్ బ్యాండ్ కట్టాడు. ఆ జాక్ తర్వాత ఎకో2కె అయ్యాడు. థాయ్‌లాండ్ నుంచి చిన్నప్పుడే వచ్చిన ఇంకో కుర్రాడు థాయ్‌బాయ్ డిజిటల్. వీళ్ళ ముగ్గురికీ సంగీతం సమకూర్చినవాడు వైట్‌ఆర్మర్. 2013 ప్రాంతంలో ఈ నలుగురూ ఒక జట్టయ్యారు. మొదట గ్రావిటీ బాయ్స్ అనుకున్నారు, తర్వాత డ్రెయిన్ గ్యాంగ్ అనే పేరు స్థిరపడింది. అదే ఏడు వాళ్ళ దోస్తు యంగ్ లీన్ పదహారేళ్ళ వయసులో ఒక పాటను యూట్యూబ్‌లో పెట్టి ప్రపంచమంతా మోగించాడు. కంపెనీ లేదు, రేడియో లేదు, సిఫారసు లేదు. పడగ్గదుల్లో పాడి, సౌండ్‌క్లౌడ్‌లో పెట్టేసి, అమెరికాలో అర్ధరాత్రి దాకా మేలుకున్న పిల్లల చెవుల్లోకి నేరుగా వెళ్ళిపోయారు.

'గ్లూయీ' (2014), 'ఎవర్‌సిన్స్' (2016), 'రెడ్ లైట్', 'ఐస్‌డాన్సర్' (రెండూ 2018), 'ఎక్సెటర్', '333' (రెండూ 2020), 'ద ఫూల్' (2021), 'క్రెస్ట్' (2022), 'కోల్డ్ విజన్స్' (2024). ఇవి కొన్నే. పదేళ్ళలో ఇంత పని చేసినవాళ్ళు ఎంతమంది? చేసినా, ఏ రెండు ఆల్బమ్‌లూ ఒక్కలా మోగకుండా చేసినవాళ్ళు ఎంతమంది?

ఇతన్ని మొదటినుంచీ వెక్కిరించినవాళ్ళ దగ్గర ఒకే ఒక్క ఆయుధం ఉంది: ఆటోట్యూన్. గొంతు లేదు కాబట్టి యంత్రం వెనక దాక్కున్నాడట! విన్నామని చెప్పుకునేవాళ్ళు నిజంగా వింటే ఈ మాట అనగలరా? ఆటోట్యూన్ 1997లో వచ్చింది. పాడేవాడి శ్రుతి కాస్త తప్పితే దగ్గరి స్వరానికి చప్పుడు కాకుండా చేర్చడం దాని పని. మన సినిమా పాటల్లోనూ అది ఇదే చాకిరీ చేస్తోంది, ఎవరికీ తెలియకుండా. ఆ సర్దుబాటు వేగాన్ని చివరి దాకా తిప్పేస్తే మాత్రం గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదు, గెంతుతుంది. గమకమంటే ప్రాణం పెట్టే మనకు అది మొదట్లో చెవిలో గుచ్చుకుంటుంది. బ్లేడ్‌కి కావలసింది ఆ గెంతే. అతను రెండు స్వరాల మధ్య ఎటూ తేలనిచోట గొంతు నిలబెడతాడు. యంత్రం ఎటు లాగాలో తేల్చుకోలేక వణుకుతుంది. ఆ వణుకులోనే అతని పాట ఉంది. తప్పును కప్పిపుచ్చడానికి పుట్టిన పరికరాన్ని తప్పు దగ్గరికే నడిపించి, అందులోంచి ఏడుపు కాని ఏడుపును, నవ్వు కాని నవ్వును పిండాడు. దీన్ని చేతకానితనమంటారా? వీణ మీద తీగ లాగడాన్ని శ్రుతి తప్పడమంటామా?

'క్రెస్ట్' ఆల్బమ్‌లో దాదాపు తొమ్మిది నిమిషాల పాట ఒకటి ఉంది, ఎకో2కెతో కలిసి పాడింది. తొమ్మిది నిమిషాల ర్యాప్ పాటంటే పల్లవి పట్టుకుని సాగదీస్తారనుకుంటాం. ఇది అలా కాదు. ఒక భాగం ముగిసిందనుకునేలోపు ఇంకో వాకిలి తెరుచుకుంటుంది. రెండు గొంతులూ అల్లుకుని ఎవరిది ఏదో తెలియకుండా పోతాయి. కింద వైట్‌ఆర్మర్ సింథసైజర్ సన్నగా మెరుస్తూ ఉంటుంది. గుండెలు అదరగొట్టే బేస్ లేదు, సవాళ్ళు లేవు, నేనింత వాణ్ణన్న గొప్పలు లేవు. అందం, మరణం, దేవుడు, వెలుగు, ఇవీ వాళ్ళు మాట్లాడుకునే సంగతులు. ర్యాప్‌లో ఈ మాటలు ఇంత వణుకుతూ, ఇంత సిగ్గు లేకుండా అంతకుముందు ఎవరు పలికారు?

రెండేళ్ళు తిరిగాక అదే మనిషి 'కోల్డ్ విజన్స్' అని ముప్ఫై పాటల మూట విప్పాడు. ఆ వెలుగంతా ఏమైందో! భయం, వయసు, అలసట, తన మీద తనకే చిరాకు. దరువులు చాలావరకు ఫిలడెల్ఫియా కుర్రాడు ఎఫ్1ల్తీ వేసినవి, సుత్తి దెబ్బల్లా పడతాయి. అంతకు నెల ముందే యంగ్ లీన్‌తో కలిసి 'సైకోస్' విడుదల చేశాడు. అందులో గిటార్లు, దిగులు, దాదాపు రాక్ సంగీతం. నెల తేడాలో ఇలా రెండు వేరు వేరు లోకాలు కట్టగలిగినవాణ్ణి ఇంకా పిల్లల మోజుగా చూడటం విమర్శకులకు తగునా?

బయటివాళ్ళు ముందే లేచారు. అమెరికాలో, ఐరోపాలో హైపర్‌పాప్ పేరుతో పాడుతున్న తరం తమ గొంతుకు మూలాన్ని ఈ నలుగురి దగ్గర వెతుక్కుంటుంది. 2024లో 'బ్రాట్' ఆల్బమ్ అట్టతో ప్రపంచమంతా ఆకుపచ్చ రంగు పూసిన పాప్ గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ ఆ పాటల కొత్త కూర్పులో ఒక పాటకు బ్లేడ్‌ని పిలిచి పాడించుకుంది. మొదట్లో ముక్కు విరిచిన విదేశీ సమీక్షకులు ఇప్పుడు పేజీలకు పేజీలు రాస్తున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇతను రచ్చ గెలిచి పదేళ్ళయింది, ఇంటి తలుపు మాత్రం ఓరగానే ఉంది.

ఎందుకు? నాకు తోచిన కారణాలు చెబుతాను, స్టాక్‌హోమ్ సాంస్కృతిక పెద్దలకు కోపమొచ్చినా సరే. వీళ్ళు ఇంగ్లిష్‌లో పాడారు. స్వీడిష్ హిప్‌హాప్ అంటే శివార్ల అపార్టుమెంట్ల యాసలో, అక్కడి కోపంతో పుట్టాలని ఒక లెక్క వేసుకుని కూర్చున్నారు. ఆ పాటకు దాని విలువ దానికుంది, కాదనను. ఆ లెక్కలో వీళ్ళు ఇమడలేదు. పాప్ వాళ్ళకేమో వీళ్ళు మరీ వింత. అటు చేర్చుకోలేదు, ఇటు చేర్చుకోలేదు. పైగా కొన్నేళ్ళుగా ఆ దేశపు పత్రికలకు ర్యాప్ అంటే తుపాకుల వార్త. 2021 అక్టోబరులో పంతొమ్మిదేళ్ళ ర్యాపర్ ఐనార్‌ని స్టాక్‌హోమ్‌లో కాల్చి చంపారు. పసివాడు, ఆ చావుకు దుఃఖపడని వాళ్ళుండరు. అయితే ర్యాపర్ కాల్పుల్లో పోతే మొదటి పేజీ, ర్యాపర్ కొత్త సంగీతం కనిపెడితే మూల కాలమ్ అయితే ఎలా? నెత్తురు కారితే తప్ప కళాకారుడు కనిపించడా?

థాయ్‌బాయ్ కథ వింటే నాకు ఇంకా మండుతుంది. చిన్ననాడే వచ్చి, అక్కడి బళ్ళో చదివి, అక్కడి వీధుల్లో స్నేహాలు కట్టుకుని, అక్కడే పాట నేర్చినవాడు 2015లో వీసా చిక్కుతో స్వీడన్ విడిచిపెట్టి వెళ్ళాల్సి వచ్చింది. అమెరికాలో తల్లిదండ్రుల వీసా మీద ఉంటూ ఇరవై ఒకటో ఏడు దగ్గరపడుతున్న పిల్లలున్న మన తెలుగు ఇళ్ళలో ఈ బాధ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పెంచిన దేశమే కాగితం చూపించమంటుంది. అతను బ్యాంకాక్ నుంచే పాడాడు. 'లెజెండరీ మెంబర్' (2019) చేశాడు. మిత్రులు అతన్ని వదల్లేదు, ముగ్గురూ కలిసి అదే ఏడు 'ట్రాష్ ఐలండ్' తెచ్చారు. జట్టు నిలబెట్టుకున్న మనిషిని దేశం నిలబెట్టుకోలేకపోయింది. ఎగుమతి సంగీతానికి ప్రభుత్వమే ఏటా బహుమతి ఇచ్చే దేశం, సంగీతకారుణ్ణే ఇలా ఎగుమతి చేయడమా?

ఎకో2కెని చూడండి. చెప్పుల కంపెనీలో డిజైనర్‌గా పనిచేస్తూనే 2019లో 'ఇ' అనే ఆల్బమ్ చేశాడు. తన ఒంటి రంగు గురించి, అద్దంలో తనకే పరాయిగా కనిపించే ముఖం గురించి అంత సన్నగా, అంత గాజులా పాడిన రికార్డు ఈ శతాబ్దంలో ఆ దేశం నుంచి ఇంకోటి వచ్చిందా? వైట్‌ఆర్మర్ సంగతి సరే సరి. పాడేవాళ్ళకే దిక్కులేని చోట సంగీతం కట్టినవాణ్ణి అడిగేదెవరు!

ఇది మొదటిసారి అయితే పోనీలే అనుకుందుం. హిల్మా అఫ్ క్లింట్ అనే స్వీడిష్ చిత్రకారిణి 1906లోనే నైరూప్య చిత్రాలు గీసింది, నైరూప్య కళకు ఆద్యుడనే పేరున్న కాండిన్‌స్కీ కంటే ముందు. అదృశ్య శక్తులు తన చేత గీయించాయని నమ్మింది. ఆమె 1944లో పోయింది. 1970లో ఆమె చిత్రాలన్నీ ఊరకే ఇస్తామంటే స్టాక్‌హోమ్ ఆధునిక కళా మ్యూజియం వద్దంది. మళ్ళీ అదే మ్యూజియం 2013లో వాటిని గోడలనిండా వేలాడదీసి మురిసిపోయింది. తర్వాత న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో ఆరు లక్షల మందికి పైగా బారులు తీరి చూశారు. దేవదూతలు, వెలుగు అంటూ పాడే కుర్రాళ్ళు జట్టు కట్టింది కూడా ఆ 2013 ప్రాంతంలోనే. పాత తప్పు దిద్దుకుంటున్న ఊళ్ళోనే అదే తప్పు కొత్తగా మొలకెత్తింది. పిచ్చివాళ్ళ గీతలని ఆమెను తోసేశారు, ఇప్పుడు పిల్లల గొణుగుడని వీళ్ళను తోసేస్తున్నారు.

2025 సెప్టెంబరులో ప్రభుత్వం నియమించిన సంఘం స్వీడన్ సంస్కృతికి గుర్తుగా వంద అంశాల జాబితా విడుదల చేసింది. 1975 తర్వాతి వాటికి చోటు లేదని నియమం. చివరికి ఆబా కూడా లేదు! యాభై ఏళ్ళు గడిస్తేగానీ ఘనత ఖాయం కాదన్నమాట. వైన్‌కి, ఊరగాయకి ఆ లెక్క పనికొస్తుందేమోగానీ బతికున్న మనుషులకు పనికొస్తుందా? ఆ లెక్కన బ్లేడ్ 'గ్లూయీ' పాటల విచారణ 2064లో. అప్పటికి అతనికి డెబ్బై. ఆ పాటలు ఎక్కడుంటాయి? తొలినాళ్ళ డ్రెయిన్ గ్యాంగ్ పాటల్లో చాలావాటికి కాగితం అట్టలు లేవు, ప్లాస్టిక్ డిస్కులు లేవు. అవి పుట్టింది ఒక అప్‌లోడ్ బటన్ దగ్గర. ఖాతా మూసేస్తే చాలు, పోతాయి.

హైదరాబాద్‌లో కూర్చున్న నాకు ఈ గోలెందుకని అడిగేవాళ్ళు అడగండి. రవిశంకర్‌కి పట్టం కట్టడానికి స్టాక్‌హోమ్‌కి ఏం హక్కుందో, ఈ కుర్రాళ్ళ పక్షాన అరవడానికి నాకూ అదే హక్కుంది. జాతీయ గ్రంథాలయం వారూ, దేశంలో వెలువడిన ప్రతి డిస్కునూ భద్రపరుస్తామంటారే, ఆ సౌండ్‌క్లౌడ్ పాటల్ని కూడా వాటి పక్కన పెట్టండి. రేడియో వారూ, పిల్లలు పడుకున్నాక కాదు, పగటిపూట వినిపించండి. సంస్కృతి శాఖ వారూ, ఆ బ్యాంకాక్ కుర్రాడికి ఒక ఉత్తరం రాయండి, స్టాక్‌హోమ్‌కి వచ్చి పాడమని. ఈసారి టికెట్టుతో పాటు వీసా కూడా మీరే జతచేసి పంపండి.