మన పిల్ల ఎచట నుండవలెను?



కళాశాలలలో ప్రవేశములు జరుగు దినములు వచ్చినపుడెల్ల తల్లుల నోట ఒక ప్రశ్న వినబడుచుండును: "పిల్లకు సీటు వచ్చినది, కాని ఎచట నుంచుదుము?" మగపిల్లవానికి సీటు వచ్చిననాడు పెట్టె సర్దుదుము, ఆడపిల్లకు వచ్చిననాడు ఆలోచనలో పడుదుము. ఆలోచించుట తప్పు కాదు. ఆ ఆలోచన తెమలక చదువే ఆగిపోవుట తప్పు.

పార్వతీపురం మన్యం జిల్లాలో, సాలూరునకు చేరువనున్న పాచిపెంట మండలపు తల్లులకు ఈ చింత మరింత పెద్దది. అచటి కొండపల్లెలనుండి బస్సు ఆగు చోటికి వచ్చుటయే ఒక ప్రయాణము. దినదినము విజయనగరమునకో, విశాఖపట్టణమునకో పోయివచ్చి చదువుట జరుగని పని. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము విశాఖలో నున్నది. 2019లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఆ యేటనే విజయనగరము చెంత కొండకరకాములో పాఠములు ప్రారంభించినది. ఇట్లు విద్య మన జిల్లాలకు చేరువైనది. కాని రాత్రి తలదాచుకొనుటకు చోటు లేనిచో, ఎంత చేరువనున్న విద్యాలయమైనను కొండపిల్లకు దూరమే.

ఈ సంగతిని మన పెద్దలు ఎప్పుడో గ్రహించిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరులో శారదానికేతనమును నెలకొల్పినపుడును, తరువాత దుర్గాబాయమ్మగారు మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించినపుడును, స్త్రీలకు చదువుతోబాటు నివాసమును గూడ కల్పించిరి.

నేడు పైచదువులకు పోవు పిల్లకు దారులు ప్రధానముగా నాలుగు. విశ్వవిద్యాలయపు వసతిగృహము మొదటిది. తరగతులు, గ్రంథాలయము దగ్గరగా నుండుట దాని మేలు. గిరిజన సంక్షేమ శాఖవంటి ప్రభుత్వ శాఖలు నడుపు కళాశాల వసతిగృహము రెండవది. బీద కుటుంబమునకు గొప్ప ఆసరా, కాని అందులో చోట్లు పరిమితము. కావున సీటు వచ్చిన దినముననే దరఖాస్తు పెట్టవలెను. కుల, ఆదాయ ధ్రువపత్రములు ముందుగనే సిద్ధముగా నుండవలెను. మూడవది ప్రైవేటు హాస్టలు. డబ్బు కట్టినచో చోటు త్వరగా దొరకును, కాని మంచిచెడ్డలు మనమే విచారించుకొనవలెను. నాల్గవది చుట్టముల ఇల్లు. ఇది క్షేమమని అందరమును తలతుము. కాని చదువరిగా ఆ ఇంట అడుగుపెట్టిన పిల్ల, ఆరునెలలలో అంట్లు తోమి, పసివాండ్ర నెత్తుకొని, రాత్రి పుస్తకము తెరచుసరికి కునుకుపాట్లు పడుట మేమెరుగుదుము.

మా యెరుకలోని ఒక తల్లి కథ చెప్పెదము. ఆమె కొండపల్లె స్త్రీ. చింతపండు అమ్మి కూడబెట్టిన సొమ్ముతో కూతురును పట్టణములో ఒక చవుక హాస్టలులో చేర్చెను. నెల తిరుగకముందే పిల్ల ఇంటికి వచ్చి, "నాకు చదువు వద్దమ్మా" అనెను. తండ్రి "దానికి చదువు అబ్బలేదు" అని ఊరకుండెను. అసలు సంగతి తల్లికి తెలియుటకు ఏడాది పట్టెను. అచటి స్నానపు గదికి గడియ లేదు. బయట ఎవరో నిలిచియున్నారన్న భయముతో ఆ పిల్ల దినములకొలది స్నానము మానెను. ఆమె మాటతీరును విని తోడివారు నవ్విరి. చెప్పుకొనుటకు సిగ్గుపడి, నింద చదువుపై వేసెను. అరచేతి పొడవు గడియ లేక ఒక యేడు చదువు పోయినది! మరునాటి సంవత్సరము ఆ తల్లి తానే పోయి వేరొకచోటు చూచి చేర్చెను. ఆ పిల్ల ఇపుడు చక్కగా చదువుకొనుచున్నది.

కావున సోదరీమణులారా, డబ్బు కట్టుటకు ముందు తల్లి స్వయముగా పోయి చూడవలెను. గడియలు, దీపములు, నీళ్లు, గదికి ఎందరు, రాత్రి కావలి ఎవరు, జ్వరము వచ్చినచో ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు, నెలసరి దినములలో సౌకర్యమేమి — ఇవన్నియు అడుగుటకు సిగ్గుపడరాదు. వంటయింటిలోనికి తొంగి చూడవలెను. వీలైనచో తన ఊరి పిల్ల గాని, తన ఇంటిభాష మాటలాడు పిల్ల గాని గదిలో తోడుండునట్లు వార్డెనును కోరవలెను.

ఖర్చు విషయమును తల్లి తెలిసికొనియుండవలెను. 2020 ఫిబ్రవరిలో విజయనగరముననే ప్రారంభమైన వసతి దీవెన పథకము, డిగ్రీ విద్యార్థులకు ఏటికి 20,000 రూపాయలు తల్లి ఖాతాలోనే వేయుటకు ఉద్దేశింపబడినది. పథకముల పేర్లును, నిబంధనలును మారుచుండును గనుక, ఈ యేటి సాయమేమో కళాశాల కార్యాలయమున అడిగి, కాగితముపై వ్రాయించుకొనుట మేలు.

ర్యాగింగు మన రాష్ట్రమున 1997 చట్టముచే నేరము. పిల్లకు ఆపద కలిగినచో 181 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని ఆమెకు కంఠస్థము చేయింపుడు.

తుదకు ఒక్కమాట. ఫోనులో "బాగున్నావా?" అని అడిగినచో ప్రతి పిల్లయు "బాగున్నా"ననియే చెప్పును. "రాత్రి ఏమి తింటివి? నీ ప్రక్క మంచముపై ఎవరున్నారు? తలుపు గడియ పడుచున్నదా?" అని అడుగుడు. ఒకచోటు సరిపడకున్నచో చోటు మార్పుడు, చదువు మాన్పింపకుడు.