పైసలు పెట్టి డైట్ ప్లాన్ కొనుడు ఎందుకు?

పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికతో చదవండి.

మేము ఊర్లు విడిచి నస్పూర్‌లో రూములు తీసుకొని పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లం. ఊర్లో ఉన్నప్పుడు చేను పని, నడక ఉండేవి. ఇక్కడ పొద్దంతా కూర్చునుడే. పళ్లెం నిండా అన్నం, సాయంత్రం మిర్చి బజ్జీలు. ఏడాదిలోనే పొట్టలు వచ్చినయి. ఈవెంట్స్‌లో ఉరకాలె కదా అని మాలో ఒక తమ్ముడు ఫోన్‌లో చూసి డైట్ ప్లాన్ కొన్నడు, ఇంకో చోట షేక్ పొడి డబ్బా కొన్నడు. ఆ పైసలు ఇంటికాడ పత్తి అమ్మినవి. పొద్దున ఏం తినకుండ గ్రౌండ్‌లో ఉరికి, కండ్లు తిరిగి పడ్డడు.

మా అభిప్రాయం ఒక్కటే: ఈ విషయంలో పైసా ఖర్చు పెట్టే అవసరం లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతది. 2017లో తెచ్చిన ఆహార పట్టికల పుస్తకంలో 528 రకాల తిండి వస్తువుల లెక్క ఉంది. మన జొన్నలు, బొబ్బెర్లు, సీతాఫలం అన్నీ అందులో ఉన్నయి. న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ కూడా వాళ్లదే.

అందులో ఏముందంటే, రోజుకు 2000 కేలరీల తిండిలో బియ్యం, జొన్నలు లాంటివి అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. మన పళ్లెంలో అన్నం కొండంత, కూర చిటికెడు. అసలు తేడా అక్కడనే ఉంది. వారానికి అర కిలో తగ్గితే చాలు, రోజుకు 1000 కేలరీల కంటే తక్కువ తినొద్దు అని కూడా ఉంది. పది రోజుల్లో పది కిలోలు అనేటోళ్ల మాట ఎంత నిజమో మీరే చూసుకోండి.

ముందుగాల మనకు తగ్గే అవసరం ఉందా అని చూసుకోవాలె. మనోళ్లకు బీఎంఐ 23 దాటితే బరువు ఎక్కువ, 18.5 కంటే తక్కువైతే బక్క కింద లెక్క. ఐదడుగుల ఐదంగుళాలు ఉన్నోళ్లకు 23 అంటే దాదాపు 63 కిలోలు. మనలో చాలామంది అక్కచెల్లెండ్లకు రక్తం తక్కువ. వాళ్లు పస్తులుంటే బరువుతోపాటు బలం కూడా పోతది. సికిల్ సెల్ ఉన్నోళ్లు నీళ్లు తగ్గించినా, ఉపవాసాలు చేసినా నొప్పులు లేస్తయి. కొన్న ప్లాన్‌లో ఈ సంగతి ఎవరూ అడగలేదు. అసొంటోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఏ డైట్ మొదలుపెట్టొద్దు.

ఇంకో మాట. మన అవ్వలు తిన్న జొన్న రొట్టె, పుంటికూర, పప్పును మనమే పాతకాలం తిండి అని పక్కన పెట్టినం. సంస్థ చెప్పిన పళ్లెం దాదాపు అదే. జొన్న రొట్టె అయినా లెక్క చూసుకొనే తినాలె, అది వేరే మాట. డబ్బా పైసలతోని నెల రోజులు గుడ్లు, పెసర్లు వస్తయి.

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉందని భయపడొద్దు. ఆసక్తి ఉన్నోళ్లు తలా కొన్ని పేజీలు పంచుకుందాం. తెలుగులో, గోండిలో, కోలామిలో చిన్న చిన్న ఆడియోలు చేసి ఈ గ్రూపులో పెడదాం. మేము మొదటి పది పేజీలు తీసుకుంటున్నం. మిగిలినవి ఎవరు తీసుకుంటరో కింద రాయండి.