ఆ ఒక్క అంకె ఎవరు మార్చాలి?

ఇంట్లో గిన్నెలు తోమితే ఎవరూ గమనించరు. ఒక్కపూట తోమకపోతే అందరికీ కనపడుతుంది. వికీపీడియాలో స్త్రీల ఐస్ హాకీ జాతీయ జట్ల ర్యాంకులు దిద్దడం కూడా అలాంటి చాకిరీయే. తేడా ఒక్కటే. ఇక్కడ పని జరగకపోయినా చాలాసార్లు ఎవరికీ కనపడదు.

జట్టు పేజీలో ప్రస్తుత ర్యాంకు, అత్యుత్తమ ర్యాంకు, అత్యల్ప ర్యాంకు అని గడులుంటాయి. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ప్రపంచ పోటీల తర్వాత స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా ర్యాంకులు ప్రకటిస్తుంది. తాజా ఏడాది పాయింట్లకు పూర్తి విలువ. వెనకటి ఏళ్లవాటికి వరుసగా 75, 50, 25 శాతం. అందువల్ల కొత్త ఫలితాలు వచ్చినప్పుడల్లా ఎన్నో జట్ల స్థానాలు తారుమారవుతాయి. వాటిని ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. ఆ పనికి జీతం లేదు, పేరూ రాదు.

"దేశంలో ఇన్ని సమస్యలుండగా ఎక్కడో మంచు మీద ఆడే ఆట లెక్కలు మనకెందుకు?" అని మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ అంకె ఉత్త అలంకారం కాదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో పురుషుల జట్లు 12 ఆడితే, స్త్రీల జట్లకు 8 చోట్లే ఇచ్చారు. 2016 ర్యాంకుల్లో మొదటి 5 జట్లు నేరుగా వెళ్లాయి. ఆతిథ్య దేశానిది పోగా మిగిలిన రెండింటి కోసం తక్కినవన్నీ తలపడాల్సి వచ్చింది. ఒక్క మెట్టు తేడాతో తలుపు తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది.

స్త్రీల తొలి అధికారిక ప్రపంచ పోటీ 1990లో ఒట్టావాలో జరిగినప్పుడు కెనడా జట్టుకు గులాబీరంగు దుస్తులు తొడిగారు. వాళ్లు ఆ దుస్తుల్లోనే ప్రపంచ విజేతలయ్యారు. 2017లో అమెరికా జట్టు, న్యాయమైన వేతనం, సదుపాయాలు ఇవ్వకపోతే సొంతగడ్డ మీద జరిగే ప్రపంచ పోటీలో ఆడబోమని ప్రకటించింది. ఒప్పందం కుదిరాకే బరిలో దిగి గెలిచింది. అప్పటికే వాళ్లు ప్రపంచ విజేతలు. తామెక్కడ నిలబడి ఉన్నారో చెప్పే లెక్క చేతిలో ఉంటేనే డిమాండుకు బలం.

మన దేశపు జట్టు సంగతి చూడండి. ప్రధానంగా లడఖ్ అమ్మాయిలతో నిలబడిన ఈ జట్టు 2016లో తైపేలో మొదటిసారి అంతర్జాతీయ పోటీలో ఆడింది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై తొలి విజయం సాధించింది. 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఇంత ప్రయాణాన్ని ఎవరూ ఎక్కించకపోతే, రేపు నిధులు అడిగినప్పుడు "మీరేం సాధించారు?" అన్న ప్రశ్నే ఎదురవుతుంది.

"వికీపీడియా అందరిదీ కదా, ఎవరైనా దిద్దవచ్చు, ఇందులో వివక్షేముంది?" అంటారు. తలుపు అందరికీ తెరిచే ఉంది, నిజమే. కానీ లోపలికి వచ్చేవాళ్లు తమకు ఆసక్తి ఉన్న గదినే ఊడుస్తారు. రచ్చబండ కూడా ఊరందరిదే, అక్కడ ఎవరు కూర్చునేవారో మనకు తెలుసు.

మన సంఘాల్లో రిజిస్టరు రాసే కార్యకర్త విలువ మనకు తెలుసు. కేసు కోర్టుకెక్కిన రోజున ఆమె వేసిన తేదీయే సాక్ష్యం. ఇక్కడా అంతే. "ప్రస్తుత" అన్న మాట పక్కన మూడేళ్ల కిందటి అంకె ఉంటే అది సమాచారం కాదు, అబద్ధం. అంకె మార్చినవాళ్లు పక్కన తేదీ వేయాలి. పాత అంకె ఎక్కడైనా కనబడితే, అది ఏ ఆట అయినా సరే, ఎవరో వచ్చి మారుస్తారని ఎదురుచూడకుండా మనమే మార్చుదాం.