రెండు పది అంటే రెండు ఒకటి కాదు

దోస్తులారా, ఈసారి సియాసత్ గురించి కాదు, గాజుల సైజు గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఆ ఒక్క సైజు వల్ల మా ఆపా ఇంట్లో శ్రీరామనవమి బేరం ఖరాబైంది. ఖసూర్ ఎవరిదో ముందే చెప్పేస్తాను: నాదే.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో రామతీర్థం తెలుసు కదా. బోధికొండ, రాములవారి కోవెల, గురుభక్తుల కొండ మీద బౌద్ధుల శిథిలాలు, దుర్గకొండ దగ్గర జైనుల ఆనవాళ్ళు. అక్కడ మా దుల్హాభాయ్‌ది చిన్న గాజుల దుకాణం. నవమికి వచ్చిన ఆడవాళ్ళు చేతినిండా గాజులు వేయించుకుని ఊరెళతారు. ఆ చేతులే మా ఆపా ఇంటి రోజీ.

గాజు సైజులకి ఒక హిసాబ్ ఉంది. 2.4, 2.6, 2.8, 2.10. మధ్యలో చుక్క ఉంది కదా అని అది దశాంశం కాదు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.8 అంటే రెండున్నర అంగుళాలు. 2.10 దానికంటే పెద్దది. నోటితో 'రెండు ఎనిమిది', 'రెండు పది' అంటారు. గాజులమ్మే ఇంట్లో పసిపిల్లకి కూడా ఇది తెలుసు.

మా భాంజీ కంప్యూటర్ డిప్లొమా చదువుతోంది. అబ్బా ఖాతా పుస్తకాన్ని పైథాన్ ప్రోగ్రాముగా మారుస్తానని కూర్చుంది. "మామూ, సరుకు లిస్టుని ఏ ఫైల్లో దాచాలి?" అని ఫోన్ చేసింది. నేను ఈ పనిలోనే జిందగీ గడిపినవాణ్ణి కదా, వెంటనే ఉస్తాద్‌గిరీ మొదలెట్టాను. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపే లిస్టు దాని బుర్రలో ఉంటుంది. మిషన్ ఆపితే పోతుంది. అందుకే దాన్ని వరసగా అక్షరాల్లోకి దించి ఫైల్లో రాయాలి, మళ్ళీ కావాలన్నప్పుడు చదివి అదే లిస్టుని కట్టుకోవాలి. దీన్నే సీరియలైజేషన్ అంటారు. జేసన్ ఉంది, యామల్ ఉంది. యామల్ అయితే మీ అబ్బా కూడా ఫైలు తెరిచి చదువుకోవచ్చు, అదే పెట్టు అన్నాను.

ఆ పిల్ల 'పిప్ ఇన్‌స్టాల్ యామల్' అని కొట్టింది. రాలేదు. ప్రోగ్రాములో పిలిచే పేరు యామల్, కానీ తెచ్చుకునేటప్పుడు పేరు పైయామల్. ఈ పేరు గొడవ చిన్నది కాదు. 2019 డిసెంబరులో పైథాన్ లైబ్రరీల భాండారం నుంచి ఒక నకిలీని తీసేశారు. జెల్లీఫిష్ అనే అసలు లైబ్రరీ పేరులో ఒక చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టిన పేరు దానిది. కంటికి రెండూ ఒకటే. లోపల మాత్రం తాళంచెవుల చోరీ. అందుకే పేరు అక్షరం అక్షరం చూసుకో బేటీ అన్నాను. దుకాణం ప్రోగ్రాముకి వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టించాను, మిషన్‌లో మిగతా పనులు చెడకుండా. ఫైలు చదివేటప్పుడు 'సేఫ్ లోడ్' వాడమన్నాను. ఎందుకంటే యామల్ ఫైల్లో ఎవరైనా దొంగ హుకుం రాసిపెడితే పాత 'లోడ్' దాన్నీ అమలు చేసేసేది. 2019లో 5.1 వెర్షన్ నుంచి హెచ్చరిక మొదలైంది, 2021లో 6.0 వచ్చాక ఏ లోడర్‌తో చదవాలో చెప్పనిదే 'లోడ్' కదలదు.

తెలుగులో రాసిన పేర్లు మొదట వింత కోడ్‌లుగా ఫైల్లోకి వచ్చాయి. 'గ' ఉండాల్సిన చోట 0సీ17 అన్న యూనికోడ్ సంఖ్య. 'అలవ్ యూనికోడ్' పెట్టించాను, తెలుగు తెలుగులా వచ్చింది. ఇక అన్నీ ఠీక్ అనుకున్నాం.

ఫైల్లో సైజు దగ్గర 2.10 అని ఉంది. కొటేషన్ గుర్తులు లేవు. యామల్‌కి అది పేరు కాదు, సంఖ్య. సంఖ్యలో చివరి సున్నాకి విలువ లేదు. ప్రోగ్రాము దాన్ని 2.1 గా చదువుకుని, ఆర్డర్ చీటీలో 2.1 అని రాసి టోకు వ్యాపారికి పంపింది. అలాంటి సైజే లేదు. ఆయన దగ్గరగా ఉన్నది చూసుకుని 2.2 పెట్టెలు పంపాడు. అవి ఆడపిల్లల చేతులకి. నవమి రోజు పెద్ద చేతుల అమ్మలందరూ పక్క దుకాణానికి వెళ్ళారు. సాయంత్రం దుల్హాభాయ్ నన్ను ఒక్క మాటే అడిగారు. "ఏటి భాయ్, రెండు పదికీ రెండు ఒకటికీ తేడా తెల్దా మీ మిషన్‌కి?"

నా దగ్గర జవాబు లేదు. ఈ జబ్బు నాకు కొత్తది కూడా కాదు. పైథాన్ 3.10 వెర్షన్ వచ్చినప్పుడు యామల్ ఫైళ్ళలో ఆ నంబరు 3.1 గా మారి ఎందరో ప్రోగ్రామర్లు తలలు పట్టుకున్నారు. నార్వే దేశానికి రెండక్షరాల కోడ్ 'ఎన్‌ఓ'. పైయామల్ నడిచే పాత 1.1 నియమాల్లో ఆ 'నో' కాస్తా 'కాదు' అనే అర్థంలోకి మారిపోతుంది. ఇవన్నీ తెలిసీ నేను భాంజీకి చెప్పలేదు. 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అన్న మాట చూసి పని అయిపోయిందనుకున్నాను.

నా ఫిర్యాదు ఇదే. మన కాలేజీల్లో, వీడియోల్లో, నాలాంటి మామూల నోట్లో తాలీమ్ ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతోంది. ఇన్‌స్టాల్ ఆసాన్. అసలు సవాల్ తర్వాత మొదలవుతుంది. సీరియలైజేషన్ అంటే అమానత్. ఒకరి సొమ్ము దాచమని మన చేతిలో పెడితే, పెట్టింది పెట్టినట్టు తిరిగివ్వాలి. ఒక్క సున్నా తగ్గినా అది ఖయానత్, నీయత్ ఎంత మంచిదైనా సరే. తెలుగు కోడ్‌లుగా మారిన గల్తీ కంటికి కనిపించింది, రెండు నిమిషాల్లో సరిచేశాం. సున్నా పోయిన గల్తీ చప్పుడు చేయలేదు. ఇల్లు ముంచేది ఆ రెండోదే.

'ప్రోగ్రాముని పరీక్షించాల్సింది' అంటారు కొందరు. నిజమే, కానీ ఎలా? ప్రోగ్రాము తను రాసింది తనే చదువుకుంటే 2.1 కి 2.1 సరిపోతుంది, అంతా సహీ అనే చెబుతుంది. ఖాతా పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తేనే దొరుకుతుంది. అంటే గాజుల మనిషి పక్కన కూర్చోవాలి. చదువురాని లెక్క అని మనం పక్కకి నెట్టేసే లెక్క లేకుండా కంప్యూటర్ లెక్క పూర్తి కాదు. కూడికలు, తీసివేతలు చేసేదే సంఖ్య. సైజు, వెర్షన్, ఫోన్ నంబరు, ఇంటి నంబరు చూడటానికి అంకెలే గానీ నిజానికి పేర్లు. వాటిని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఈ ఒక్క మాట ఇన్‌స్టాల్ పాఠంలోనే చెప్పాలని నా వాదన.

'అయితే పుస్తకమే మేలు కదా' అంటారా? ఆ రోజు వరకు పుస్తకమే మేలు, ఒప్పుకుంటాను. కాగితం మీద 2.10 ఎన్నేళ్ళయినా 2.10 గానే ఉంటుంది. కానీ భాంజీ మెహనత్ బేకార్ కాకూడదు. సైజులన్నీ గుర్తుల్లో పెట్టి మళ్ళీ రాసింది. ఇప్పుడు ఆర్డర్ పోయే ముందు ఆమె చీటీ పైకి చదువుతుంది, దుల్హాభాయ్ ఖాతా చూస్తూ "ఊఁ" అంటారు. ఆయన "ఊఁ" అనకపోతే ఆర్డర్ పోదు.

2.2 పెట్టెలు ఇంకా అటక మీదే ఉన్నాయి. వాటి ఖరీదు నేను ఇస్తానంటే ఆపా తీసుకోవడం లేదు.