ఒకే తాడు



ఓటు వేసిన వేలిమీది సిరా కొద్ది వారాల్లో చెరిగిపోతుంది. ఆ ఓటు వలన మాటలు మానుకొన్న ఇరుగుపొరుగువారు మాత్రం ఏండ్ల తరబడి అలాగే ఉండిపోతారు. మన పల్నాటివారికి ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. 2024 మే 13న పోలింగునాడు, ఆ మరునాడు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన కొట్లాటలు మనమెరిగినవే. 144వ సెక్షను పెట్టారు. ఎన్నికల సంఘం కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండు చేసింది. అయితే పోలీసు పికెట్టు వీధిని కాయగలదు గాని మనసును కాయలేదు గదా!

ఆ మనసు సంగతి తెలుసుకోవడానికి 1954లో అమెరికాలో ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 22 మంది బాలురను రెండు జట్లుగా చేసి ఒక శిబిరంలో ఉంచాడు. అందరూ మంచి ఇండ్ల పిల్లలే. పాత పగలేవీ లేవు. ఆటల పోటీలు పెట్టగానే తిట్లు మొదలయ్యాయి, జెండాలు తగలబడ్డాయి. కలిపి భోజనం పెడితే అన్నం విసురుకొన్నారు. చివరకు మంచినీళ్ళు రాకపోతే కలిసి వెదికారు. భోజనం తేవలసిన లారీ కదలనంటే, మునుపు ఒకరిమీద ఒకరు పోటీపడి లాగిన తాడునే దానికి కట్టి అందరూ ఒకవైపునుండి లాగారు. అలాంటి పనులు కొన్ని కలిసి చేశాకనే పగ చల్లారింది.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారిని ఒకే బంతిని కూర్చోబెట్టాడని మన పెద్దలు చెప్తారు. అయినా కోడిపందెంలో రేగిన పంతం కారంపూడి రణరంగం దాకా పోయింది. బంతిభోజనం మంచిదే; అదొక్కటే చాలదు. పనిలోనూ చేతులు కలవాలి.

కనుక వచ్చే పంచాయతీ ఎన్నికల లోపుగా మన ఊళ్ళల్లో ఏమి చేయగలము? సాగరు నీళ్ళు వదిలేలోగా బోదెకాలువ పూడిక రెండు పార్టీలవారమూ కలిసి తీద్దాము. ఎదుటి పార్టీ ఇంట చావైతే ముందుగా మనమే వెళ్దాము. అన్నిటికంటె ముఖ్యంగా, పిల్లల యెదుట “వాళ్ళు” అని పళ్ళు కొరకడం మానుదాము. ఫలానా ఇంటి పిల్లలతో ఆడనని చెప్పే ఎనిమిదేండ్ల బిడ్డకు ఆ మాట ఎవరు నేర్పారు? మనమే. ఓడినవాడు ఊళ్ళో తల యెత్తుకొని తిరగగలిగితేనే అది ప్రజాస్వామ్యము.

ఆదివారము ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందే మనము, సోమవారము రెండు జెండాల క్రింద రాళ్ళు ఏరుకొనవచ్చునా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, మనము మాట్లాడని ఆ ఇంటివారి పేరు ఒక్కసారి పలుకుదాము.