దొంగకు ఎర – ఊరికి హెచ్చరిక

పత్తి చేలో లింగాకర్షక బుట్ట ఎందుకు కడతామో మన రైతులకు చెప్పనక్కరలేదు. ఆ బుట్ట పురుగునంతా చంపదు. ఏ పురుగు వస్తున్నదో, ఎంత ఉధృతంగా వస్తున్నదో ముందుగా తెలుపుతుంది. కంప్యూటర్లలో చొరబడే దొంగల విషయంలోనూ నిపుణులు ఇదే పద్ధతి అనుసరిస్తున్నారు. అసలు పనులేవీ చేయని ఒక కంప్యూటర్‌ను ఎరగా పెడతారు. దానిని హనీపాట్ అంటారు. దానితో ఎవరికీ పనిలేదు కనుక, దాని తలుపు తట్టినవాడిని అనుమానించవలసిందే. వాడు ఏ పాస్‌వర్డు ప్రయత్నించాడో, లోపల ఏమి చేశాడో అంతా నమోదవుతుంది.

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటర్ లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. డాలరులో ముప్పాతికే గదా అని వదలక, క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆరా తీయగా ఎవరో చొరబడుతున్నట్లు తేలింది. రక్షణ రహస్యాలంటూ బూటకపు కాగితాలను ఆయన కంప్యూటర్‌లో ఉంచారు. దొంగ వాటిని చదువుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఆ వ్యవధిలో టెలిఫోన్ లైను ఆచూకీ దొరికింది. పశ్చిమ జర్మనీలోని హనోవర్‌కు చెందిన మార్కస్ హెస్ పట్టుబడ్డాడు. సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి సమాచారం అమ్మిన కేసులో 1990లో దోషిగా తేలాడు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోరాదు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని సి.సి. కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. ఆ అక్టోబరులో వాటితోనే దాడిచేసి, పేరున్న వెబ్‌సైట్లెన్నింటినో గంటల తరబడి స్తంభింపజేశారు. 'అడ్మిన్', '12345' వంటి మాటలే దాని తాళంచెవులు. ఎర కంప్యూటర్లకు చిక్కిన నమూనాలు ఈ గుట్టు తెలుసుకొనుటకు తోడ్పడ్డాయి.

మన గ్రామాలలోనూ చందాలు వేసుకొని కూడళ్లలో కెమెరాలు పెట్టుకొన్నాం. బిగించినవారు ఏ పాస్‌వర్డు పెట్టి వెళ్లారో పంచాయతీలో ఎందరికి తెలుసు? దొంగను పట్టుటకు పెట్టిన కెమెరా దొంగ చేతిలో పనిముట్టయితే ఆ చందా ఎవరికోసం వేసినట్లు?

హనీపాట్ పెట్టడం నిపుణుల పని. కట్టుదిట్టం లేకుంటే అదే దొంగకు మెట్టవుతుంది. కాని అది నేర్పిన పాఠం పాటించడం మన పని. పాస్‌వర్డు మార్చనిదే బిగింపు బిల్లు చెల్లించరాదని ప్రతి పంచాయతీ తీర్మానించాలి. ఇప్పటికే బిగించిన కెమెరాలను జిల్లా అధికారులు ఒకసారి తనిఖీ చేయించాలి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగితే ప్రయోజనమేమి?