3.6 దగ్గర ఆగిపోయిన ముల్లు

పోయిన నెల మా హాస్టల్ కామన్ రూమ్‌లో ప్రొజెక్టర్ పెట్టి "చెర్నోబిల్" సిరీస్ వేశాం. 5 ఎపిసోడ్లు, రెండు రాత్రులు. మొదటి రాత్రి ఓ నలభై మంది ఉంటాం. రెండో రాత్రికి కిటికీల మీద కూడా కూర్చున్నారు. చివరి ఎపిసోడ్ అయిపోయి లైట్లు వేసి రెండు నిమిషాలు కాలేదు, గొడవ మొదలైంది.

"చూశారా, ఇదీ మీ ఎర్రజెండా!" అని ఒకడు.

"అమెరికా ఛానల్ వాడు తీస్తే ఇట్లనే ఉంటది. ముందు భోపాల్ మీద తీయమను" అని ఇంకొకడు.

అరగంట అరుచుకున్నారు. ఇద్దరూ నా ఫ్రెండ్సే, పేర్లు రాస్తే మెస్‌లో నా పక్కన కూర్చోరు. కానీ ఒకటి గమనించాను. ఆ అరగంటలో ఎవ్వరూ మేం చూసిన కథ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. సిరీస్ చూడకముందు కూడా వాళ్ళు సరిగ్గా ఇవే మాటలు అనగలరు. మరి ఐదు గంటలు ఎందుకు కూర్చున్నట్టు?

కమ్యూనిస్టు పాలన మీద వచ్చిన సినిమాల్ని, డాక్యుమెంటరీల్ని మనం వాదన గెలవడానికి చూస్తున్నాం. అది ఆపాలని నా అభిప్రాయం. ఎందుకంటే వాటిలో మంచివి మనకి, అంటే రేపు ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టబోయే ఇంజనీర్లకి, నేరుగా తగిలే విషయం ఒకటి చెప్తాయి.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా తాత జీవితమంతా ఎర్రజెండా మనిషి. మా నాన్న చదువుకునే రోజుల్లో ఊళ్ళోకి "సోవియట్ భూమి" పత్రిక వచ్చేదట. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. చదివేవాళ్ళు చదివేవాళ్ళు, పిల్లలు మాత్రం ఆ పేజీలు చింపి పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్ళు. "నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టర్ నడిపే ఆమె నవ్వుతూ ఉండేది రా, సంవత్సరమంతా నవ్వుతూనే ఉంది" అంటాడు నాన్న. మన పల్లెల్లో ఒక తరానికి ఆ దేశమంటే ఆ నవ్వే.

ఆ నవ్వు పూర్తిగా అబద్ధం అని నేను అనను. ఆమె ఆ రోజు నిజంగానే నవ్వి ఉండొచ్చు. కాకపోతే ఏ ఫొటో బయటికి వెళ్ళాలో నిర్ణయించింది ప్రభుత్వం. సినిమాలోనూ ఇదే జరిగింది. రష్యా విప్లవానికి పదేళ్ళయిన సందర్భంగా ఐజెన్‌స్టీన్ "అక్టోబర్" తీశాడు, 1928లో విడుదలైంది. వింటర్ ప్యాలెస్ మీదికి జనం విరుచుకుపడే దృశ్యం అందులో అద్భుతంగా ఉంటుంది, నిజం కంటే చాలా భారీగా. తర్వాత తర్వాత ఆ షాట్లనే అసలు 1917 నాటి దృశ్యాలు అన్నట్టు వాడేశారు. ఇంకో పక్క, సినిమా పూర్తయ్యే నాటికి ట్రాట్‌స్కీ పార్టీకి శత్రువైపోయాడు కాబట్టి ఆయన ఉన్న భాగాల్ని కత్తిరించాల్సి వచ్చింది. అంటే జరగనిది చేరింది, జరిగింది పోయింది. ఇవాళ ఆ పాలన మీద వస్తున్న ప్రతి సినిమా ఒక రకంగా ఆ పాత బొమ్మలకి జవాబే. అయితే ఆ జవాబునీ అంతే జాగ్రత్తగా చూడాలి.

ఇప్పుడు చెర్నోబిల్‌కి వద్దాం. అందరికీ గుర్తుండిపోయిన అంకె 3.6. రియాక్టర్ పేలిపోయింది, కంట్రోల్ రూమ్‌లో డోసీమీటర్ గంటకి 3.6 రాంట్‌జెన్ అని చూపిస్తోంది. "బాగా లేదు, అలాగని ఘోరమూ కాదు" అన్నట్టు పై అధికారి మాట్లాడతాడు. ఆ మీటరు చూపించగలిగిన గరిష్ఠమే అంత! బయట అసలు రేడియేషన్ వేలల్లో ఉంది. మల్టీమీటర్ రేంజి తప్పుగా పెడితే ఏం వస్తుందో మనకి ఫస్టియర్‌లోనే తెలుసు. వాళ్ళకీ తెలుసు. అయినా ఆ అంకె పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎందుకంటే పైవాళ్ళు వినాలనుకున్న అంకె అది.

దాని వెనక ఉన్న డిజైన్ లోపం ఇంకా దారుణం. ప్రమాదం వస్తే రియాక్టర్‌ని ఆపడానికి నొక్కే బటన్ పేరు ఏజెడ్-5. నొక్కితే కంట్రోల్ రాడ్లు లోపలికి దిగి చర్యని ఆపాలి. ఆర్‌బీఎమ్‌కే రకం రియాక్టర్లలో ఆ రాడ్ల కింద గ్రాఫైట్ భాగం ఉండేది. దాదాపు రాడ్లన్నీ పైకి లాగేసి ఉన్నప్పుడు ఒక్కసారిగా దించితే, ఆ గ్రాఫైట్ ముందు నీళ్ళని పక్కకి తోసి, అడుగు భాగంలో కొన్ని క్షణాలపాటు చర్యని పెంచుతుంది. బ్రేకు తొక్కితే బండి వేగం పెరిగినట్టన్నమాట. ఈ ప్రభావం 1983లోనే లిథువేనియాలోని ఇగ్నలినా కేంద్రంలో బయటపడింది. మారుస్తామన్నారు, మార్చలేదు. 1986 ఏప్రిల్ 26 రాత్రి ఆ బటన్ నొక్కినవాళ్ళకి అది ఎంత ప్రమాదమో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ప్రిప్యాత్ పట్టణంలో సుమారు 49 వేల మంది ఉన్నారు. వాళ్ళని ఖాళీ చేయించింది పేలుడు జరిగి ఒకటిన్నర రోజు గడిచాక. ప్రపంచానికి అనుమానం వచ్చింది మాస్కో ప్రకటన వల్ల కాదు. ఏప్రిల్ 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకి రేడియేషన్ తగిలి ఉందని అలారం మోగడం వల్ల. ఆ సాయంత్రం గానీ సోవియట్ ప్రభుత్వం నోరు విప్పలేదు. మే 1న కీవ్‌లో పిల్లాపాపలతో ఊరేగింపు మాత్రం మామూలుగానే జరిపారు.

ఇంతవరకూ సిరీస్ మన కళ్ళు తెరిపిస్తుంది. కానీ అందులో ఉలానా ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త నిజం మనిషి కాదు, చాలామంది శాస్త్రవేత్తల్ని కలిపి చేసిన పాత్ర. ఆ మాట చివర్లో వాళ్ళే చెప్తారు. చివరి ఎపిసోడ్ కోర్టు సీన్‌లో లెగసోవ్ లేచి డిజైన్ లోపం బయటపెడతాడు కదా, మనోళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. నిజానికి ఆయన ఆ విచారణకే వెళ్ళలేదు. 1986 ఆగస్టులో వియన్నాలో సోవియట్ బృందం ఇచ్చిన వివరణ తప్పంతా ప్రధానంగా ఆపరేటర్ల మీదికే నెట్టింది. డిజైన్ లోపానికి తగిన ప్రాధాన్యం ఇస్తూ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా బృందం సవరించిన నివేదిక ఇచ్చింది 1992లో. అప్పటికి లెగసోవ్ ఆత్మహత్య చేసుకుని నాలుగేళ్ళు, సోవియట్ యూనియనే లేదు.

అంటే సినిమాలో అబద్ధం ఒక్క ఉపన్యాసంతో కూలిపోయింది. బయట ఆరేళ్ళు పట్టింది. ఈ తేడా చిన్నది కాదు. సినిమా చూసి బయటికొచ్చినవాడికి "ఎవరో ఒక ధైర్యవంతుడు లేచి చెప్తాడులే" అనిపిస్తుంది.

"ద లైవ్స్ ఆఫ్ అదర్స్" (2006) విషయంలోనూ నాకు ఇదే ఇబ్బంది. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు సంస్థ స్టాసీ. దాని అధికారి ఒకడు అటక మీద కూర్చుని ఒక నాటక రచయిత ఇంట్లో మాటలన్నీ హెడ్‌ఫోన్స్‌లో వింటూ ఉంటాడు, వినీ వినీ మనసు మారి అతన్ని కాపాడతాడు. గొప్ప సినిమా, ఆస్కార్ వచ్చింది, నేను మూడుసార్లు చూశాను. ఆ పాత్ర వేసిన ఉల్రిక్ ముయే తూర్పు జర్మనీ నటుడే, ఆయన మీద కూడా నిఘా ఉండేది. అయినా బెర్లిన్‌లోని పాత స్టాసీ జైలు స్మారక కేంద్రం డైరెక్టర్ అక్కడ షూటింగ్‌కి ఒప్పుకోలేదు. అలా మనసు మార్చుకుని బాధితుణ్ణి కాపాడిన స్టాసీ అధికారి ఎవరూ లేరన్నది ఆయన అభ్యంతరం. చివరి రోజుల్లో ఆ సంస్థలో దాదాపు 90 వేల మంది ఉద్యోగులు, వాళ్ళకి తోడు లక్షన్నరకి పైగా ఇన్‌ఫార్మర్లు ఉన్నారు. అంతమందిలో మన సినిమాకి ఒక మంచివాడు కావాలి. ఫీచర్ ఫిల్మ్ చేసే పనే అది, మనం పట్టుకోవడానికి ఒక చెయ్యి ఇస్తుంది.

ఆ చెయ్యి కూడా ఇవ్వని సినిమా ఒకటుంది. కంబోడియా దర్శకుడు రితీ పాన్ తీసిన డాక్యుమెంటరీ "ఎస్-21". ఖ్మేర్ రూజ్ అధికారంలోకి వచ్చినప్పుడు, 1975లో, ఆయన పదేళ్ళు దాటిన పిల్లాడు. వాళ్ళు ఉన్నది నాలుగేళ్ళు కూడా కాదు. ఆ కాలంలో చనిపోయినవాళ్ళు 15 నుంచి 20 లక్షల దాకా ఉంటారని అంచనా. రితీ పాన్ తల్లిదండ్రులు కూడా అందులో ఉన్నారు. ఎస్-21 అంటే నాంపెన్‌లో ఒక హైస్కూలు. దాన్ని జైలు చేశారు. కనీసం 12 వేల మందిని అక్కడ ఉంచి చంపారని తర్వాత కోర్టు తేల్చింది. దాన్ని నడిపిన డూచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందిలో వాన్ నాథ్ అనే చిత్రకారుడు ఒకడు. పోల్ పాట్ బొమ్మలు గీయడానికి పనికొస్తాడని బతకనిచ్చారు.

2003లో వచ్చిన ఈ సినిమాలో వాన్ నాథ్, అప్పటి కాపలావాళ్ళు అదే బిల్డింగ్‌లో ఎదురుపడతారు. అక్కడ ఒక సీన్ ఉంది. ఒక పాత గార్డు ఖాళీ గదిలో తన డ్యూటీ చేసి చూపిస్తాడు. తాళం తీస్తాడు, లేని ఖైదీ మీద అరుస్తాడు, లేని మనిషికి నీళ్ళ గిన్నె ఇస్తాడు, మళ్ళీ తాళం వేస్తాడు. అప్పట్లో అతనికి మన జూనియర్ల వయసు, ఇంకా తక్కువేనేమో. గొంతులో కోపం లేదు, చేతులకి అలవాటు ఉంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అతను రాక్షసుడిలా లేడు. రిజిస్టర్ సరిగ్గా రాసే మనిషిలా ఉన్నాడు. అక్కడ అన్నిటికీ రిజిస్టర్ ఉంది, ఫొటో ఉంది, సంతకం ఉంది.

పదేళ్ళ తర్వాత ఆయనే "ద మిస్సింగ్ పిక్చర్" తీశాడు. మామూలు జనం పడ్డ బాధకి దృశ్యాలు లేవు, ఉన్నవల్లా ప్రభుత్వం తీయించుకున్న ప్రచార రీళ్ళు. అందుకని మట్టి బొమ్మలు చేయించి తన కుటుంబం కథ చెప్పాడు. బొమ్మలు కదలవు. మా నాన్న పుస్తకం అట్ట మీది నవ్వుకి ఇంతకంటే నిజాయితీ గల జవాబు నేను చూడలేదు. ఇది నిజం ఫుటేజ్ అని అది మనల్ని ఒక్క క్షణం కూడా నమ్మించాలని చూడదు.

ఇప్పుడు నా ఇద్దరు ఫ్రెండ్స్‌కి. మొదటివాడికి: ఖ్మేర్ రూజ్‌ని గద్దె దించింది కూడా కమ్యూనిస్టు దేశమే, వియత్నాం. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఐక్యరాజ్యసమితిలో వాళ్ళ సీటు నిలబెట్టినవాళ్ళలో అమెరికా, చైనా రెండూ ఉన్నాయి. రెండోవాడికి: భోపాల్ గురించి నువ్వన్నది నిజమే, దాని మీద కూడా సినిమాలు చూడాల్సిందే. కానీ ప్రిప్యాత్‌లో తల్లికి అది జవాబు కాదు. ఒక చావుని ఇంకో చావుతో కొట్టేయడానికి ఇది సమీకరణం కాదు కదా.

దసరా సెలవుల్లో ఎస్-21లో కొంత తాతకి ఫోన్‌లో చూపించాను. భయపడుతూనే చూపించాను. ఇంట్లో "మా భూమి" సినిమా ఎప్పుడొచ్చినా ఆయన కుర్చీ ముందుకి జరుపుకుంటాడు. మా ముత్తాత ఆ సాయుధ పోరాటంలో దళాలకి అన్నం మోసినవాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"అంత మందిని సంపిన్రా బిడ్డా?"

"అవును తాతా."

"మేం కొట్లాడింది దొర గడీ మీద. గడీ కట్టుకునేటోళ్ళ కోసం కాదు."

అని ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాటతో ఆయన తప్పించుకున్నాడా, ఒప్పుకున్నాడా అని నేను ఇంకా ఆలోచిస్తున్నాను. కానీ హాస్టల్‌లో అరగంట అరిచిన మాకన్నా ఆయన ఆ సినిమాని ఎక్కువ చూశాడు.

చివరిగా ఒక ఒప్పుకోలు. థర్డ్ సెమ్‌లో యాంప్లిఫయర్ ఎక్స్‌పెరిమెంట్‌లో మా బ్యాచ్‌కి సీఆర్ఓ సరిగ్గా పనిచేయలేదు. నలుగురం సీనియర్ రికార్డు చూసి రీడింగ్స్ వేశాం. గ్రాఫ్ అందంగా వచ్చింది, సంతకం పడింది, మార్కులు పడ్డాయి. ఎవరూ చావలేదు, దీన్ని చెర్నోబిల్‌తో పోల్చేంత పిచ్చి నాకు లేదు. కానీ "పైవాళ్ళకి కావలసిన అంకె" రాయడం నాకు అప్పుడే వచ్చేసింది. అది నేర్చుకోవడానికి ఏ పార్టీ సభ్యత్వమూ అక్కర్లేకపోయింది. ఆ అంకె తప్పు అని చెప్పినవాణ్ణి బతకనిచ్చే వ్యవస్థ ఉందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న, చాలా పెద్ద ప్రశ్న. ఆ పాలనలు అక్కడే ఘోరంగా ఓడిపోయాయి. మన వంతు ప్రశ్న మాత్రం దానికంటే ముందు వస్తుంది.

అందుకే వచ్చే నెల క్లబ్ షోకి "ఎస్-21" ప్రతిపాదిస్తున్నాను. నలభై మంది రారని తెలుసు. గొడవ కావాలంటే సినిమా తర్వాత తీరిగ్గా పెట్టుకుందాం. దానికి ముందు ఓ పది నిమిషాలు, ఏది జరిగింది, ఏది కల్పించారు, ఈ బొమ్మలు ఎవరు తీశారు అన్నది ఎవరో ఒకరు చెప్పాలి. మొదటిసారికి ఆ పని నేను చేస్తాను. తప్పు చెప్తే అక్కడే ఆపండి.